ఇంకొంచెం ఎడమకి తిప్పరా!

అన్నవరం అనగానే ఎవరికైనా రత్నగిరి, దాని పాదాల దగ్గర పంపానది, విస్తరాకు పొట్లంలో గోధుమరవ్వ ప్రసాదం గుర్తుకొస్తాయి. ఈ రోజుల్లో కొండకింద వీధుల్లో మరో మాట కూడా తరచు వినిపిస్తూ వుంటుంది: "నెట్ రావటం లేదండీ, కాసేపు ఆగండి!" గదులు బుక్ చేసే ఆఫీసయినా, కార్లు పంపే కొట్టయినా వరస వొకటే. ముందుగదిలో వై-ఫై గీతలు నిండుగా వుంటాయి. వెనకగదిలో వొకటో రెండో మిణుకుమిణుకుమంటాయి. పిల్లాజెల్లాతో దిగిన యాత్రికులు కోప్పడేది మాత్రం ఆ వెనకగదిలో రసీదులు రాసే కుర్రవాడిమీద.

ఇదేదో కొత్త జబ్బనుకుంటాం గాని, నిజానికి వైర్‌లెస్‌తో పాటు పుట్టిన జబ్బే. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోసుగారు తీగ లేకుండా అలలు పంపి, దూరాన వున్న గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. అలలు నడుమనున్న గోడలు దాటి వెళ్లాయి. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అంతమాత్రాన గోడంటే వైర్‌లెస్‌కి లెక్కలేదనుకోకూడదు. దాటుతుంది; కాని ప్రతి గోడ దగ్గరా సుంకం కట్టి మరీ దాటుతుంది. చెక్క తలుపుకి కొద్దిగా, ఇటుక గోడకి ఎక్కువగా, ఇనప చువ్వలు దాచుకున్న కాంక్రీటుకి ఇంకా ఎక్కువగా. ఇనప బీరువా అయితే సుంకం కూడా పుచ్చుకోదు, వచ్చిన దారినే పొమ్మంటుంది!

మరి 1901 డిసెంబరులో మార్కోనీ దొర ఏం చేశాడు? అట్లాంటిక్ ఆవల ఇంగ్లండులో పెద్ద యంత్రమే పెట్టించాడు. అయినా ఈవల న్యూఫౌండ్‌లాండ్‌లో సంకేతం అందుకోవడానికి గాలిపటానికి తీగ కట్టి ఎగరేయవలసి వచ్చింది. పంపేవాడికి ఎంత బలమున్నా, పుచ్చుకునేవాడికి ఎత్తు కావాలన్నమాట.

ఈ సంగతి మన పెద్దలకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 1938లో మద్రాసులో, 1948లో విజయవాడలో, 1963లో విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రాలు వచ్చాయి. అన్నవరం ఈ విజయవాడకీ విశాఖకీ నడుమనున్న వూరు. ఆ రోజుల్లో రేడియో కొన్నవాళ్లు పెట్టెతో పాటు ఏరియల్‌కీ చోటు వెతికేవారు. ఇంటిమీద వెదురుగడలు పాతి, ఎత్తుగా తీగ కట్టేవారు. ట్రాన్సిస్టర్లు వచ్చాక గడలు పోయి, తిప్పటం వచ్చింది. అది చాదస్తం కాదు. పెట్టె లోపల నల్లటి ఫెరైట్ కడ్డీకి చుట్టిన తీగే దాని ఏరియల్. కడ్డీ స్టేషనుకి అడ్డంగా వుంటే పాట పలుకుతుంది, కొన చూపిస్తే గొంతు పూడుకుపోతుంది.

ఆ తరవాత టీవీ. కొడుకు డాబామీద, తండ్రి హాల్లో. "వచ్చిందా నాన్నా?" "బొమ్మ వచ్చింది, మాట పోయింది. ఇంకొంచెం ఎడమకి తిప్పరా!" ఈ సంభాషణ వినని వీధి ఆంధ్రదేశంలో వుండి వుండదు.

ఇక వై-ఫై. 1985లో అమెరికా కొన్ని రేడియో పట్టీలను లైసెన్సు లేకుండా వాడుకోమని వదిలింది. 1997లో ప్రమాణం తయారయింది, 1999లో పేరు పెట్టారు. మన దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సు తీసేశారు. రేడియోకి కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన జాతికి ఇది చిన్న సంగతి కాదు. అయితే లైసెన్సు లేదు గనకనే ఎవరూ ఎక్కువ గట్టిగా అరవకూడదని బలానికి హద్దు పెట్టారు. అంచేత ఇంకా ఖరీదయిన పెట్టె కొన్నంతమాత్రాన వెనకగది వెలిగిపోదు. పైగా ఆ గదిలోని ఫోను కూడా తిరిగి జవాబు చెప్పాలి కదా! దాని గొంతు మరీ చిన్నది.

రేడియో మీడియం వేవ్ అల పొడవు వందల మీటర్లు. వై-ఫై అల పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. కొత్తగా వాడే 5 గిగాహెర్ట్జ్ అలయితే ఆరు సెంటీమీటర్లకు లోపే. వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ. అంచేత ముందుగదికి అది, వెనకగదికి 2.4 నయం. పెట్టెకున్న కర్ర నిలువుగా వుంటే సిగ్నల్ గారెలాగా చుట్టూ పరుచుకుంటుంది. కర్ర కొన వైపున్నది గారె చిల్లు! అక్కడ కూర్చున్నవాడికి దక్కేది తక్కువే. పెట్టెని బీరువా పక్కనా, మంచినీళ్ల క్యాను వెనకా దాచకుండా, ఆఫీసు నడుమ తలకన్న ఎత్తున పెడితే చాలా ఇబ్బంది పైసా ఖర్చు లేకుండా తీరుతుంది. అప్పటికీ చాలకపోతే వెనకగది దాకా వొక తీగ లాగి, అక్కడ రెండో పెట్టె పెట్టాలి. తీగ లేని రిపీటరు వినడానికీ చెప్పడానికీ వొకే గాలిని వాడుకుంటే వేగం సగానికి పడిపోతుంది. తీగలేని తంతికి చివరికి తీగే మందు!

కాని చాలా ఆఫీసుల్లో పెట్టె నడుమకి రాదు. యజమాని బల్లమీదే వుంటుంది. కేబులు అక్కడికే వచ్చిందనేది వొక కారణం. అక్కడ బాగానే వస్తోంది గనక ఇబ్బంది ఆయనకి తెలియకపోవటం అసలు కారణం. పూర్వం పంచాయతీ రేడియోకి లౌడ్‌స్పీకరు కట్టినవాళ్లు ప్రెసిడెంటుగారి కుర్చీ ఎక్కడుందని చూడలేదు. అరుగుమీద చివర కూర్చున్న రైతుకి వినపడుతుందా అని చూశారు. వై-ఫై పెట్టెకి చోటు చూసేవారు కూడా ముందు వెనకగదికి వెళ్లి, ఆ కుర్రవాడి కుర్చీలో కూర్చుని ఫోను చూసుకోవటం మంచిది. యాత్రికుల చేత రోజూ చివాట్లు తినేది అతనే గదా!