చెంఘిజ్ ఖాన్ జీవిత చరిత్ర: పొంగిపోయే ముందు అడగాల్సిన ప్రశ్నలు



"ఒక తెగ మనిషి సగం ప్రపంచాన్ని గెలిచాడు" అంటే మనకు ఛాతీ పొంగుతుంది. మాకూ పొంగింది. అందుకే చెంఘిజ్ ఖాన్ గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం.

తెలుగులో ఆయన పేరు చాలామందికి తెన్నేటి సూరి గారి నవల వల్ల తెలుసు. నవల రాసేవాళ్లకు కల్పించుకునే హక్కు ఉంటుంది. జీవిత చరిత్ర రాసేవాళ్లకు ఆ హక్కు లేదు, లెక్క చెప్పాలి. ఈ పోస్టు ఒక జీవిత చరిత్ర గురించి. అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ జాక్ వెదర్‌ఫోర్డ్ 2004లో రాసిన 'జెంఘిస్ ఖాన్ అండ్ ద మేకింగ్ ఆఫ్ ద మోడరన్ వరల్డ్'. ప్రపంచమంతా బాగా చదివిన పుస్తకం ఇది. ఇదే రచయిత అంతకుముందు అమెరికా మూలవాసులు ప్రపంచానికి ఏమిచ్చారో చెప్తూ 1988లో 'ఇండియన్ గివర్స్' రాశాడు. అంటే తెగల పక్షాన మాట్లాడాలని వచ్చిన మనిషే. ఆ గౌరవం ఇచ్చే తూకం వేద్దాం.

ముందు ఆ పుస్తకం చేసిన మేలు చూద్దాం.

మంగోల్ అనే మాటను యూరప్‌వాళ్లు ఒక తిట్టుగా మార్చారు. 1866లో లాంగ్‌డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు, పుట్టుకతో ఎదుగుదల తక్కువగా ఉన్న కొందరు పిల్లలకు మంగోలుల పేరు తగిలించాడు. మంగోలియా అభ్యంతరం చెప్పాక 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట వదిలేసింది. ఒక జనం పేరే జబ్బు పేరయి వందేళ్లు నడిచిందన్నమాట. "అడవోడు" అని పిలిపించుకున్నవాళ్లకు ఇది వేరే వివరించక్కర్లేదు. సొంత దేశంలోనూ అప్పట్లో ఆయన పేరుకు చోటు ఉండేది కాదు. 1962లో ఆయన పుట్టి 800 ఏళ్లయిందని ఉత్సవం చేస్తే సోవియట్ వాళ్లకు కోపం వచ్చింది, ముందుండి నడిపిన నాయకుడు తొమొర్-ఒచిర్ పదవి పోయింది. వెదర్‌ఫోర్డ్ ఈ అవమానాలను ఎదిరించి రాశాడు. దానికి ఆధారంగా మంగోలులు తమ కోసం తామే రాసుకున్న 'మంగోలుల రహస్య చరిత్ర'ను తీసుకున్నాడు. ఆ గ్రంథం మంగోల్ మాటలను చైనా అక్షరాల్లో పలికించి రాసిన ప్రతిగా మనకు మిగిలింది.

అందులో చెంఘిజ్ దేవుడు కాదు. చిన్నప్పుడు అతని పేరు తెముజిన్. కుక్కలంటే భయమని కన్నతండ్రే చెప్తాడు. ఆ తండ్రికి టాటార్లు విషం పెడతారు. సొంత వంశం ఆ కుటుంబాన్ని వదిలేసి వెళ్లిపోతుంది. తల్లి హోయెలున్ అడవి పళ్లు ఏరి, గడ్డలు తవ్వి పిల్లల్ని బతికిస్తుంది. మన అవ్వలు కరువులో చేసింది కూడా ఇదే. తెముజిన్ తిండి దగ్గర గొడవపడి సవతి సోదరుడిని బాణంతో చంపుతాడు. అదీ దాచకుండా రాశారు. మనవాళ్ల తప్పును మనమే రాసుకోవడం ఎలాగో ఆ గ్రంథం చూసి నేర్చుకోవచ్చు.

ఇక తూకంలో రెండో పక్క.

ఒకటి, చావుల లెక్క. 1221లో మెర్వ్ పట్టణంలో 13 లక్షల మంది చనిపోయారని పర్షియన్ చరిత్రకారుడు జువైనీ రాశాడు. అప్పటి ఊళ్లలో అంత జనం ఉండే అవకాశం లేదని వెదర్‌ఫోర్డ్ అంటాడు. ఆ మాట సబబే. కానీ అంకె పెద్దదని తేలినంత మాత్రాన ఊరు బతికినట్టు కాదు కదా! పైగా జువైనీ మంగోలుల శత్రువు కాదు, వాళ్ల కొలువులోనే పనిచేసి బాగ్దాద్‌ను పాలించినవాడు. యజమాని గురించి ఉద్యోగే అంత రాశాడంటే ఏదో ఘోరం జరిగే ఉంటుంది. వెదర్‌ఫోర్డ్ అంకె దగ్గర వాదన గెలిచి, మనుషుల దగ్గర తొందరగా ముందుకెళ్లిపోయాడని మాకు అనిపించింది.

రెండు, ఘనత లెక్క. మత స్వేచ్ఛ, వర్తకం, కాగితపు డబ్బు, చివరికి యూరప్ పునరుజ్జీవనం దాకా మంగోలుల పుణ్యమే అన్నట్టు పుస్తకం సాగుతుంది. కాగితపు డబ్బు చైనాలో సాంగ్ రాజుల కాలానికే ఉంది. మంగోలులు దాన్ని వాడారు, దారులు తెరిచారు, వస్తువులను, నేర్పున్న మనుషులను ఇటు నుంచి అటు తీసుకెళ్లారు. అది చిన్న పనేం కాదు. కానీ మోసినవాడూ చేసినవాడూ ఒకటి కాదు. అలాగే చెంఘిజ్ 'మహా శాసనం' గురించి పుస్తకం గట్టిగా చెప్తుంది. ఆ శాసనం పూర్తి పాఠం ఈరోజు ఎక్కడా లేదు. ఇతరులు చెప్పిన ముక్కలే ఉన్నాయి.

మూడోది మనకు అన్నిటికన్నా ముఖ్యం. మిగతా తెగలు ఏమయ్యాయి?

1206లో ఆయన్ని చెంఘిజ్ ఖాన్‌గా ప్రకటించేలోపే చాలా తెగలు ఓడిపోయాయి. టాటార్లు ఓడినప్పుడు, బండి చక్రపు సీల కంటే ఎత్తున్న మగవాళ్లందరినీ చంపాలని నిర్ణయించినట్టు రహస్య చరిత్రే చెప్తుంది. ఆ తర్వాత యెసుయ్ అనే టాటార్ యువతిని చెంఘిజ్ పెళ్లాడాడు. ఒకరోజు ఆమె నిట్టూర్చింది. అనుమానం వచ్చి, అక్కడున్న మగవాళ్లందరినీ ఎవరి తెగలో వాళ్లను నిలబడమన్నాడు. ఏ తెగలోనూ చేరకుండా ఒక కుర్రాడు మిగిలాడు. ఆమెకు ముందు నిశ్చయమైన మనిషి అతనే. తల తీయించాడు. చక్రపు సీల తీర్పును వెదర్‌ఫోర్డ్ దాచలేదు. కానీ మిగిలినవాళ్లను తన జనంలో కలుపుకోవడం వైపుకే ఎక్కువ మొగ్గాడు. పాత తెగలను చెరిపి పదులు, వందలు, వేల దళాలుగా మార్చడాన్ని ఐక్యత అన్నాడు. ఎవరు కలుపుకున్నారో వాళ్లకది ఐక్యతే. తెగలో చేరలేక ఒంటరిగా నిలబడ్డ ఆ కుర్రాడికి అది ఏమిటి?

తంగుత్‌ల సంగతీ అంతే. వాళ్లకు సొంత రాజ్యం, సొంత లిపి ఉండేవి. 1227లో, చెంఘిజ్ చనిపోయిన ఏడాదే, ఆ రాజ్యం కూలింది. తర్వాతి శతాబ్దాల్లో ఆ భాష మాట్లాడేవాళ్లు లేకుండా పోయారు. గుంజాల గోండి లిపిని కాపాడుకోవాలని తిరుగుతున్న మనకు ఆ నష్టం ఎంతటిదో తెలుసు.

మరి తీర్పు ఏంటి? మా ఉద్దేశంలో ఇది చదవాల్సిన పుస్తకమే. బయటివాళ్లు అంటించిన మసిని తుడిచింది. కానీ తుడుస్తూ తుడుస్తూ రక్తాన్ని కూడా తుడిచేసింది. మనిషిని రాక్షసుడిగా చూపించడం ఒక అన్యాయమైతే, అతని కింద నలిగినవాళ్లను కనపడకుండా చేయడం ఇంకో అన్యాయం.

ఇది మనకెందుకంటే, మన గురించి రాసినవాళ్లు కూడా చాలాకాలం బయటివాళ్లే. రంపలో మనవాళ్లు లేస్తే దొరల రికార్డుల్లో 'పితూరీ' అయింది. మన తాతలకు ఆ కాగితాలు చదివే వీలు లేదు, జవాబు రాసే వీలు అంతకన్నా లేదు. చాలా ఇళ్లలో పెన్ను పట్టి రాయగలిగిన మొదటి తరం మనదే. రేపు మన నాయకుల చరిత్ర మనమే రాస్తాం, రాయాలి కూడా. అప్పుడు పొగడ్త దగ్గరే ఆగిపోతే, మన పక్క గూడెంవాళ్లు, మన ఆడవాళ్లు, మనకన్నా చిన్న తెగలవాళ్లు ఆ పుస్తకంలో తమను తాము వెతుక్కుని, కనపడక పక్కన పెట్టేస్తారు.

మీ ఊళ్లో పెద్దలు చెప్పే వీరుల కథలు ఉంటే కింద రాయండి. ఆ కథలో ఓడిపోయినవాళ్ల పేర్లు కూడా అడిగి తెలుసుకుని రాయండి.

జోహార్.