కదమా థానా నుంచి దోహా దాకా: ఒక పోలీసు కాగితం చరిత్ర

ఒక పరిస్థితిని ఊహించుకోండి. తండ్రి శ్రీకాకుళం జిల్లా నుంచి జంషెడ్‌పూర్ వెళ్లి ఉక్కు కర్మాగారంలో చేరాడు. కదమాలో కంపెనీ క్వార్టరు ఇచ్చారు. కొడుకు అక్కడే పుట్టి పెరిగి, ఆ చిరునామాతోనే పాస్‌పోర్టు తీసుకుని దోహాలో ఉద్యోగానికి వెళ్లాడు. తండ్రి రిటైరయ్యాక క్వార్టరు అప్పగించేసి, ఇల్లంతా విశాఖపట్నం మార్చారు. ఇప్పుడు కొడుకు కెనడాలో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేస్తున్నాడు. గత 10 ఏళ్లలో వరుసగా 6 నెలలు, ఆపైన ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు సర్టిఫికెట్ తెమ్మంటుంది కెనడా. మన దేశం నుంచి తేవలసింది పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, అంటే పీసీసీ.

దోహాలోని భారత రాయబార కార్యాలయంలో దరఖాస్తు పెట్టాడు. విచారణ కాగితం జంషెడ్‌పూర్ పోలీసులకు వెళ్లింది, వాళ్లు కదమా థానాకు పంపారు. కానిస్టేబుల్ వెళ్లి తలుపు తడితే వేరే కుటుంబం బయటికి వచ్చింది. అలాంటివాళ్లెవరో తమకు తెలియదన్నారు. ‘ఈ చిరునామాలో లేరు’ అని రిపోర్టు వెళ్లిపోయింది. ఆ అబ్బాయి మీద ఎక్కడా ఒక్క కేసు లేదు. అయినా ఫైలు ఆగింది.

ఈ ఉదాహరణ నేను కల్పించినదే. కానీ వలస కార్మికులు కట్టిన ఊళ్లలో ఇలాంటిది జరగడానికి ఉన్న వీలు మాత్రం కల్పన కాదు. ‘ఈ మనిషి నేరం చేశాడా?’ అన్న ప్రశ్నను మన వ్యవస్థ ముందుగా ‘ఈ మనిషి ఏ థానా పరిధిలోవాడు?’ అన్న ప్రశ్నగా మార్చుకుంటుంది. ఎందుకు? దీనికి సమాధానం పరిపాలన పుస్తకంలో కన్నా ఆధునిక భారత చరిత్ర పుస్తకంలోనే ఎక్కువ దొరుకుతుంది. జీఎస్-1, జీఎస్-2 రెండూ కలిసే చోటు ఇది.

మొదట ఛోటానాగ్‌పూర్. విదేశీ వలస అనగానే మనకు గల్ఫ్, అమెరికా గుర్తొస్తాయి. కానీ బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చినప్పుడు, కలకత్తా ఏజెంట్లు మొదట చూసింది ఈ కొండప్రాంతం వైపే. 1834లో అట్లాస్ అనే ఓడలో మారిషస్ చేరిన 36 మందిని అప్పటి రికార్డులు ‘హిల్ కూలీలు’ అన్నాయి. ఆ తర్వాత మన కోరంగి రేవు నుంచి కూడా తెలుగువాళ్లు మారిషస్ వెళ్లారు. కాలక్రమంలో ఒప్పంద కూలీ ప్రతి ఒక్కరికీ ఎమిగ్రేషన్ పాస్ తప్పనిసరి అయింది. కలకత్తా నుంచి ఫిజీ వెళ్లినవాళ్ల పాస్‌లు చూడండి: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, థానా, గ్రామం, ఒంటి మీది గుర్తులు. ‘థానా’ అన్న గడి అప్పటికే ఉంది! సముద్రం దాటే మనిషిని కూడా ప్రభుత్వం ఒక పోలీసు స్టేషన్‌కు కట్టి గుర్తుపెట్టుకుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది, ప్రిలిమ్స్‌కూ పనికొస్తుంది. ఊరితో, ఇంటితో సంబంధం లేకుండా మనిషిని గుర్తుపట్టే పద్ధతి ఈ తూర్పు భారతంలోనే రూపుదిద్దుకుంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ ఒక కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కోనాయ్ చేతి ముద్ర వేయించుకున్నాడు. 1890లలో బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ దగ్గర పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ వేలిముద్రలను వర్గీకరించే పద్ధతికి లెక్క కట్టారు. పేరు మాత్రం ‘హెన్రీ పద్ధతి’గానే ప్రపంచమంతా తిరిగింది. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టారు. అప్పటికి ఇప్పటి జంషెడ్‌పూర్ ఉన్న సింగ్‌భూం జిల్లా బెంగాల్‌లో భాగమే. అంటే ప్రపంచానికి వేలిముద్రల విధానం నేర్పిన ప్రావిన్స్‌లోనే ఈ ఊరూ ఉంది. ఈరోజు అమెరికాలో ఎఫ్‌బీఐ నుంచి నేరచరిత్ర పత్రం కావాలంటే వేలిముద్రలు పంపాలి. మన పీసీసీ విచారణ మాత్రం పేరు, చిరునామా, థానా రిజిస్టరు చుట్టూనే తిరుగుతూ వచ్చింది.

మరి వేలిముద్రల విధానం ఉండి కూడా చిరునామాను ఎందుకు వదల్లేదు? నా ఉద్దేశంలో, వలస పాలకులకు నేరం చేసినవాడి మీద కన్నా తిరిగేవాడి మీదే భయం ఎక్కువ. 1871 నేరస్థ తెగల చట్టం దీనికి గట్టి సాక్ష్యం. ఒక తెగలో పుట్టడమే నేరచరిత్ర అయిపోయింది. పేరు రిజిస్టర్ చేయించుకోవాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాస్ ఉండాలి. 1911 చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, రిజిస్టరైనవాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారమూ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలపు సెటిల్‌మెంటే. ఎరుకలవారిని అక్కడ ఉంచి సాల్వేషన్ ఆర్మీ చేతిలో పెట్టారు. ఆ ఊరి పేరు చెబితే ఉద్యోగం దొరకదని భయపడిన తరాలు మన మధ్యే ఉన్నాయి. అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ సిఫారసుల తర్వాత 1952లో కేంద్రం ఈ చట్టాన్ని రద్దు చేసింది. కానీ థానాల్లో అనుమానితుల హిస్టరీ షీట్లు ఉండిపోయాయి, రాష్ట్రాల్లో హాబిచువల్ అఫెండర్స్ చట్టాలు వచ్చాయి.

ఇప్పుడు ఒక తెలుగు న్యాయమూర్తి దగ్గరకు వద్దాం. రాజమండ్రివాడు కోకా సుబ్బారావు. ఖరక్ సింగ్ కేసు (1962) మీరు చదివే ఉంటారు. డెకాయిటీ కేసులో ఆధారాలు లేక విడుదలైన మనిషి మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి ఇంటికొచ్చి తలుపు కొట్టేవారు. మెజారిటీ ఆ రాత్రి సందర్శనలను మాత్రమే కొట్టేసింది. సుబ్బారావు తన భిన్నాభిప్రాయంలో ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదన్నారు, వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత భాగమన్నారు. 2017లో పుట్టస్వామి తీర్పు ఆయన దారినే సరైనదంది.

అదే సుబ్బారావు 1967 ఏప్రిల్‌లో, పదవి వదిలే ముందు, సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో 3:2 మెజారిటీ తీర్పు రాశారు. అప్పటిదాకా దేశం విడిచి వెళ్లేవారికి పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం ప్రభుత్వ ఇష్టం. 1920 చట్టం దేశంలోకి రావడం గురించే మాట్లాడింది. విదేశం వెళ్లే హక్కు 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో ఉందని, చట్టం లేకుండా దాన్ని ఆపడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. దాంతో హడావుడిగా ఆర్డినెన్సు, ఆ వెంటనే 1967 పాస్‌పోర్టుల చట్టం వచ్చాయి. చాలామంది మేనకా గాంధీ కేసు (1978) దగ్గరే మొదలుపెడతారు. జవాబులో ఒక్క వాక్యం సత్వంత్ సింగ్ గురించి రాస్తే బరువు పెరుగుతుంది.

ఒక కేసు నిఘా గురించి, రెండోది ప్రయాణం గురించి. పీసీసీ అనేది ఈ రెండూ ఒకే కాగితం మీద కలిసిన చోటు. వెళ్లడం మీ హక్కే. కానీ అవతలి దేశం లోపలికి రానివ్వాలంటే, మీ మీద నిఘా పెట్టడానికి తయారైన రిజిస్టరే మీరు మంచివారని చెప్పాలి. ఒకప్పుడు ప్రభుత్వం పౌరుణ్ణి ‘పాస్ ఏదీ?’ అని అడిగేది. ఇప్పుడు పౌరుడే వెళ్లి అడుగుతున్నాడు. 2018 ఫిబ్రవరిలో యూఏఈ వర్క్ వీసాలకు సత్ప్రవర్తన సర్టిఫికెట్ తప్పనిసరి చేసి, ఏప్రిల్‌లోనే భారత్‌తో సహా కొన్ని దేశాలకు నిలిపేసింది. ఆ రెండు నెలల నిబంధన జగిత్యాల, నిజామాబాద్ లాంటి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లే కూలీకి ఎంత భారమో ఆలోచించండి.

జంషెడ్‌పూర్‌లో ఈ చిక్కు ఇంకొంచెం ముదురు. అక్కడ చిరునామా కింద నేల తరచూ కదిలింది. సాక్చీ గ్రామం దగ్గర కర్మాగారం పని మొదలైనప్పుడు అది బెంగాల్. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు ముద్ద వచ్చిన కొద్ది వారాలకే బీహార్-ఒరిస్సా ప్రావిన్స్ అయింది. 1919లో ఊరికి జంషెడ్‌జీ పేరు పెట్టారు. 1936లో ఒరిస్సా విడిపోయింది. 1990లో తూర్పు సింగ్‌భూం జిల్లా, 2000 నవంబర్ 15న జార్ఖండ్ రాష్ట్రం, 2001లో సరాయ్‌కేలా-ఖర్సావాన్ జిల్లా ఏర్పడ్డాయి. ఖర్కాయ్ నదికి అవతల ఆదిత్యపూర్‌లో ఇల్లు, ఇవతల జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం ఉన్న మనిషికి వంతెన దాటితే జిల్లా ఎస్పీ మారిపోతాడు. 1999లో విదేశం వెళ్లినవాడి పాస్‌పోర్టులో ‘బీహార్’ అని ఉంటుంది. మనమూ తక్కువేమీ కాదు: 2014లో రాష్ట్రం, 2016లో తెలంగాణ జిల్లాలు, 2022లో ఆంధ్ర జిల్లాలు మారాయి.

దీనికి తోడు కంపెనీ ఊరు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకుని, తరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి సొంత ఇంటి గుమ్మం అంటూ లేదు. ఉద్యోగం ఉన్నంతకాలమే క్వార్టరు. రిటైర్మెంటుతో చిరునామా పోతుంది, పొరుగువాళ్లు చెదిరిపోతారు. కొడుకు గురించి ‘మంచివాడే’ అని కానిస్టేబుల్‌కు చెప్పగల మనుషులు విశాఖలోనో, బరంపురంలోనో ఉంటారు.

మార్పు లేదనడం తప్పు. 2009లో ఆమోదించిన సీసీటీఎన్ఎస్ థానా రికార్డులను కంప్యూటర్లో కలిపింది. 2022లో జాతీయ వేలిముద్రల వ్యవస్థ నాఫిస్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లోనూ పీసీసీకి దరఖాస్తు చేసుకోవచ్చు. పాస్‌పోర్టు సేవా ప్రాజెక్టు నడిపేది టీసీఎస్ కావడం, జంషెడ్‌పూర్ పిల్లలకు, సరదాగా చెప్పాలంటే, ఇంటి వ్యవహారమే. అయితే డేటాబేస్ పెరిగినకొద్దీ ఇంకో ప్రమాదం ఉంది. 2022 క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం కొలతల రికార్డులను 75 ఏళ్లు ఉంచమంటుంది. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, శిక్ష వేర్వేరు విషయాలు. పాస్‌పోర్టుల చట్టం 6(2)(ఎఫ్) కోర్టులో పెండింగ్‌లో ఉన్న ప్రొసీడింగ్స్ గురించే మాట్లాడుతుంది. ఎఫ్ఐఆర్ ఒక్కటే అందుకు చాలదని పలు హైకోర్టులు చెప్పాయి. థానా నుంచి వెళ్లే రిపోర్టులో మాత్రం ఆ తేడా ఒక్కోసారి ‘కేసు ఉంది’ అన్న రెండు మాటల్లో మాయమవుతుంది. రేపు ఎస్పీ కుర్చీలో కూర్చుంటే ఆ రెండు మాటల కింద సంతకం మీదే.

అంతకన్నా ముందు మీ వంతు ఉంది. కేంద్ర సర్వీసుల్లో ఎంపికైతే అటెస్టేషన్ ఫారం నింపాలి. గత 5 ఏళ్లలో ఏడాదికి మించి ఉన్న ప్రతి చోటూ రాయమంటుంది, అరెస్టులు, కేసులు అడుగుతుంది. దాచితే ఏమవుతుందో అవతార్ సింగ్ తీర్పు (2016) చదవండి. అశోక్‌నగర్‌లోనో, ఓల్డ్ రాజిందర్ నగర్‌లోనో మీరు అద్దెకున్న గది కూడా ఆ జాబితాలోకి వస్తుంది. ఆ ఇంటి ఓనరు ఫోన్ నంబరు ఇంకా మీ దగ్గర ఉందో లేదో ఒకసారి చూసుకోండి.