మిత్రసైన్యం వెల

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో తెలుగు మాట చాలకాలంగా వినబడుతున్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఉద్యోగార్థమై ఇక్కడికి వచ్చి స్థిరపడినవి. వారు విడిచివచ్చిన సీమకూ, వచ్చి చేరిన సీమకూ ఒక పోలిక ఉన్నది. రెండూ మిత్రుని సైన్యాన్ని ఎరువు తెచ్చుకొన్న ప్రభువుల చేతినుండి జారిపోయినవే.

1766 నవంబరు 12 నాటి ఒడంబడికలో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను కంపెనీకి వదలినాడు. కంపెనీ ఏటా కొంత పైకం చెల్లించుటకును, నిజాము కోరినప్పుడు పంపుటకు ఒక దండును సిద్ధంగా ఉంచుటకును ఒప్పుకొన్నది. పిలువగానే రావలసిన ఉమ్మడి సైన్యమనే ఆలోచన నేటి ఐరోపావారు కొత్తగా కనిపెట్టినది కాదు. మరుసటి ఏడే నిజాము హైదరాలీతో కలిసి ఆ కంపెనీ మీదనే కత్తి దూసినాడు. ఆ మైత్రి అంత గట్టిది!

1798 సంధితో దండు వచ్చిపోయేది కాక, హైదరాబాదులోనే నిలిచిపోయేది అయినది. ఆరు పటాలాలు, వాటి ఖర్చు ఏటా 24 లక్షల రూపాయలకు పైగా నిజాము ఖజానానుండి, ఆజ్ఞ మాత్రం కంపెనీ అధికారులది. 1800 అక్టోబరులో నగదుకు బదులు భూమి ఇవ్వవలసి వచ్చినది. మైసూరు యుద్ధాలలో మిత్రునితో కలిసి గెలిచిన బళ్లారి, కడప, అనంతపురం సీమలను నిజాము ఆ మిత్రునికే అప్పగించినాడు. దత్తమండలమన్న పేరు వెనుక ఉన్నది సిపాయిల జీతమే. ఐరోపా సమాఖ్యలో ఇందుకు విపర్యయం జరిగినది. సుమారు 1500 మంది చొప్పున కూర్చిన ఉమ్మడి దళాలు 2007 నాటికి పూర్తి సన్నద్ధమైనా, ఏళ్ల తరబడి ఎక్కడికీ కదలలేదు. పంపిన దేశమే ఖర్చులో అధికభాగం భరించవలసి ఉండుట అందుకు ఒక కారణం. దక్కనులో పిలిచినవాడు భరించినాడు. వచ్చినవాడు తిరిగి పోలేదు.

ఛత్తీస్‌గఢ్ నాగపూరు భోంస్లేలది. బిలాస్‌పూర్‌కు చేరువనున్న రతన్‌పూర్ అప్పుడు ఆ సీమకు ముఖ్యస్థానం. 1816 మే నెలలో అప్పాసాహెబ్ ఇటువంటి సంధికే ఒప్పుకొన్నాడు; రాజప్రతినిధిగా నిలదొక్కుకొనుటకు అతనికి ఆ అండ కావలసి వచ్చినది. 1817 నవంబరులో సీతాబల్డీ గుట్టలవద్ద అతని సేన కంపెనీ పటాలాలతో పోరి ఓడినది. ఆ గుట్టలను నిలుపుకొన్నవారిలో మద్రాసు సిపాయిలు ఉన్నారు. 1818లో కర్నల్ ఆగ్న్యూ ఛత్తీస్‌గఢ్ పాలన చేపట్టి, కచేరీని రతన్‌పూర్ నుండి రాయ్‌పూర్‌కు తరలించినాడు. 1854లో, వారసుడు లేడన్న మిషతో, నాగపూరు రాజ్యమే కంపెనీలో కలిసిపోయినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు పరచినది ఈ నేలమీదనే.