మా స్టేషన్ పేరు

సిడ్నీకి చదువుకోడానికి వచ్చినవాళ్ళెవరైనా మొదటి నెలలోనే ఒపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి, బోండై బీచ్ చూసేస్తారు. నేనూ చూశాను, ఫొటోలు ఇంటికి పంపాను. ఆ తరవాత ఓ శనివారం సాయంత్రం షిఫ్టు ఉండి దూరం వెళ్ళడానికి కుదరలేదు. అప్పుడు అమ్మ ఫోన్లో అడిగింది, "మీ ఊరి పేరు ఎడ్మండ్‌సన్ పార్క్ కదా, ఎవర్రా ఆయన?" అని. రోజూ ఆ స్టేషన్లోనే రైలెక్కుతున్నాను. "ఎవరో తెల్లాయన" అనేసి ఊరుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ రోజు మా పేటనే చూద్దామని బయల్దేరాను.

చూడ్డానికి ఇక్కడ పాతదంటూ ఏమీ కనపడదు. స్టేషన్ తెరిచింది 2015 ఫిబ్రవరిలో. ఒకేలాంటి కొత్త ఇళ్ళు, పిల్లల బళ్ళు తోసుకెళ్ళే తాతయ్యలు, నేపాలీ, హిందీ, తెలుగు మాటలు. కానీ క్యాంప్‌బెల్‌టౌన్ రోడ్డు వైపు నడిస్తే పక్కపేట పేరు బార్డియా. అది ఇంగ్లీషు పేరు కాదు, లిబియా తీరంలోని ఓ ఊరి పేరు.

ఈ నేలంతా ఒకప్పుడు ఇంగిల్‌బర్న్ సైనిక శిబిరం. 1939లో యుద్ధం మొదలవగానే ఆస్ట్రేలియా ఆరో డివిజన్‌కి చెందిన 16వ బ్రిగేడ్ ఇక్కడే శిక్షణ పొంది, 1940 జనవరిలో ఓడెక్కింది. దాదాపు ఏడాదికి, 1941 జనవరి 3 తెల్లవారుజామున, బార్డియాలో ఇటాలియన్ సైన్యం మీద దాడికి ముందు నడిచింది ఆ బ్రిగేడే. మూడు రోజుల్లో ఊరు లొంగిపోయింది. 130 మంది ఆస్ట్రేలియన్లు తిరిగి రాలేదు. ఆ పేరే తరవాత ఇక్కడి బ్యారక్స్‌కి వచ్చింది, ఇప్పుడు పేటకీ ఉంది.

ఇక ఎడ్మండ్‌సన్. జాన్ హర్స్ట్ ఎడ్మండ్‌సన్ 1914లో వాగా వాగాలో పుట్టాడు. తల్లిదండ్రులకి ఒక్కడే కొడుకు. తరవాత వాళ్ళు లివర్‌పూల్ దగ్గర వ్యవసాయానికి వచ్చారు. ఆయన చదివింది హర్ల్‌స్టోన్ వ్యవసాయ పాఠశాలలో. అది మా తరవాతి స్టేషన్ గ్లెన్‌ఫీల్డ్‌లోనే ఉంది. చదువయ్యాక నాన్నతో పొలం పనులు చేశాడు. 1940లో సైన్యంలో చేరాడు. ఆయన బెటాలియన్ 2/17 ఏర్పడింది ఈ ఇంగిల్‌బర్న్‌లోనే.

1941 ఏప్రిల్లో రోమెల్ సేనలు టోబ్రుక్ రేవుని చుట్టుముట్టాయి. 13వ తేదీ ఈస్టర్ ఆదివారం. ఆ రాత్రి జర్మన్లు ముళ్ళకంచె దాటి లోపలికొచ్చి మెషీన్ గన్లు నిలబెట్టారు. వాళ్ళని వెళ్ళగొట్టడానికి లెఫ్టినెంట్ మాకెల్, కార్పొరల్ ఎడ్మండ్‌సన్, ఇంకో ఐదుగురు బాయొనెట్లతో పరిగెత్తారు. ఎడ్మండ్‌సన్‌కి మెడలో, కడుపులో గాయాలయ్యాయి. అయినా ఆగలేదు. ఒక జర్మన్ మాకెల్ కాళ్ళు పట్టేసుకున్నాడు, మరొకడు వెనక నుంచి మీద పడ్డాడు. మాకెల్ కేక విని ఎడ్మండ్‌సన్ వెళ్ళి ఇద్దర్నీ చంపి ఆయన్ని కాపాడాడు. తెల్లవారాక తను చనిపోయాడు. వయసు ఇరవయ్యారు.

రెండో ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియన్ సైనికుడికి దక్కిన మొదటి విక్టోరియా క్రాస్ అది. సెప్టెంబరులో గవర్నర్ జనరల్ దాన్ని ఆయన తల్లి చేతిలో పెట్టారు. కొడుకు టోబ్రుక్ శ్మశానంలోనే ఉండిపోయాడు. ఆ పతకం ఇప్పుడు కాన్‌బెర్రా యుద్ధ స్మారకంలో ఉంది.

ఇవన్నీ చదువుతుంటే ఇంకో సంగతి తగిలింది. ఆ ఎడారి యుద్ధంలో మనవాళ్ళూ ఉన్నారు. బార్డియాకి ముందు, 1940 డిసెంబరులో, సిదీ బరానీ దగ్గర పోరాడింది నాలుగో ఇండియన్ డివిజన్. వాళ్ళని సూడాన్‌కి పంపి, ఆ స్థానంలోకి ఈ ఆస్ట్రేలియన్లని తెచ్చారు. ఆ డివిజన్లో మద్రాస్ శాపర్స్ కంపెనీ ఒకటి ఉండేది. రోడ్లు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ళ పని. మద్రాస్ శాపర్స్‌లో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ చేరేవారు. ఎడ్మండ్‌సన్ ముట్టడిలో చిక్కుకున్న టోబ్రుక్‌లో భారత 18వ కావల్రీ కూడా నెలల తరబడి కాపలా కాసింది. వాళ్ళలో ఒక్కరి పేరూ నాకు తెలీదు.

తెలుసుకునే అవకాశం లేక కాదు. మాది తాడేపల్లిగూడెం. అదే మండలంలో మాధవరం ఉంది. మిలిటరీ మాధవరం అంటారు. తరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్ళిన ఊరు. రెండు ప్రపంచయుద్ధాలకీ వెళ్ళారు. ఊళ్ళో సైనికుల స్మారకం కూడా ఉంది. నేను ఎన్నిసార్లు అటు వెళ్ళినా ఒక్కసారీ ఆగి చూడలేదు. పదివేల కిలోమీటర్ల దూరం వచ్చి, వేరేవాళ్ళ ఊళ్ళో ఓ శనివారం ఖాళీ దొరికాక నాకు ఇది గుర్తొచ్చింది.

రాత్రి షిఫ్టు నుంచి వచ్చి అమ్మకి ఫోన్ చేసి ఎడ్మండ్‌సన్ ఎవరో చెప్పాను. అంతా విని, "ఆవిడకి ఇంకా పిల్లలున్నారా?" అంది. "లేరు, ఒక్కడే" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. నేనూ ఒక్కడినే. తరవాత, "అన్నం తిన్నావా?" అని అడిగింది.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు మాధవరం వెళ్ళి, ఆ స్మారకం దగ్గర నిలబడి, పేర్లుంటే ఒక్కొక్కటీ రాసుకుని వస్తాను. అమ్మని కూడా తీసుకెళ్తాను.