హిజ్రీ 1400 నాటి రంజాన్

మన ఇళ్లలో పెద్దవాళ్లను పుట్టిన తారీఖు అడిగి చూడండి. సన్ చెప్పరు, వాకియా చెబుతారు. "ఇందిరమ్మ మెదక్‌లో గెలిచిన సాలు" అంటారు. "రఫీ సాబ్ ఇంతెకాల్ అయిన రంజాన్‌లో నువ్వు ఇంకా చిల్లాలోనే ఉన్నావు" అంటారు. పాస్‌పోర్టుకో, పెన్షన్ దరఖాస్తుకో, ఈమధ్య మనల్ని అడుగుతున్న ఇంకెన్నో కాగితాలకో తేదీ కావాల్సి వస్తే ఆ మాటలను క్యాలెండర్‌కు ముడివేసుకోవడం మన పనే. మా చేగుంట వైపు బుజుర్గుల నోట ఎక్కువగా వినిపించే ఆ సాలు 1980. దాని హిసాబ్ ఒకసారి చూద్దాం.

జనవరిలో లోక్‌సభ ఎన్నికలు. ఇందిరాగాంధీ రెండు చోట్ల నిలబడ్డారు, రాయ్‌బరేలీలో, మన మెదక్‌లో. ఇక్కడ ఆమెకు ఎదురు నిలిచింది జనతా పార్టీ తరఫున జైపాల్ రెడ్డి. రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఆమె గెలిచారు. జనవరి 14న ప్రధానిగా హలఫ్ తీసుకున్నారు. తర్వాత రాయ్‌బరేలీని వదిలి మెదక్‌ను ఉంచుకున్నారు. 1984 అక్టోబర్ 31న హత్యకు గురైన రోజు వరకూ ఆమె మన ఎంపీయే. ఎమర్జెన్సీ నాటి నస్‌బందీనీ తుర్క్‌మాన్ గేట్‌నూ ఉత్తరాది ముస్లింలు మరిచిపోలేదు కదా, మనవాళ్లు ఎలా ఓటేశారని కొందరు అడుగుతారు. ఇక్కడి లెక్క మొదటినుంచీ వేరు. దేశమంతా కాంగ్రెస్ కొట్టుకుపోయిన 1977లో కూడా ఆంధ్రప్రదేశ్‌లోని 42 సీట్లలో 41 ఆ పార్టీకే వచ్చాయి.

జూన్ 23న సంజయ్ గాంధీ ఢిల్లీలో విమాన ప్రమాదంలో చనిపోయారు. మర్నాడే మద్రాసులో మాజీ రాష్ట్రపతి, తెలుగువారైన వి.వి.గిరి వఫాత్. ఈ రెండూ గడిచి మూడు వారాలైందో లేదో, జూలై నడిమిలో రంజాన్ చాంద్ కనిపించింది. నా దృష్టిలో ఆ ఏడాది మొత్తం ఆ ఒక్క నెలలోనే ఉంది.

మొదటి జుమ్మా జూలై 18. ఆ ఉదయం శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ లేచింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో చేసిన మొదటి ప్రయత్నం సముద్రం పాలైంది. రెండు సార్లూ ప్రాజెక్టు డైరెక్టర్ ఒకరే, రామేశ్వరంలో పడవ యజమాని కొడుకు ఏపీజే అబ్దుల్ కలాం. ఆ పేరు అప్పటికి మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? రాష్ట్రపతి అయ్యాక అందరూ ఆయన్ను తమవాడన్నారు. కానీ అసలు పని జరిగింది ఆ రంజాన్‌లో, మన తెలుగు తీరాన.

రెండు వారాలకు, జూలై 31 గురువారం రాత్రి, బంబయిలో మహమ్మద్ రఫీ గుండెపోటుతో కన్నుమూశారు. ఉమర్ 55. ఉర్దూ చదువుకున్నవాళ్లకు ఆ తారీఖులో ఇంకో సంగతి ఉంది. ప్రేమ్‌చంద్ పుట్టి సరిగ్గా నూరేళ్లు నిండిన రోజది. జుమ్మా నాడు జోరు వానలో జనాజా కదిలింది, వేలాది మంది వెంట నడిచారు. జుహూ ఖబ్రస్తాన్‌లో తద్ఫీన్ జరిగింది. రఫీ మనకు హిందీ పాటల గొంతు మాత్రమే కాదు. 1969లో 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కు తెలుగులో పాడారు. 1978లో 'అక్బర్ సలీం అనార్కలి'కి పాడారు. ఆ సినిమాకు పాటలు రాసిన సి.నారాయణ రెడ్డి చదువు ఉర్దూ మీడియంలో సాగింది. ఉర్దూ చదివిన తెలుగు కవి రాస్తే పంజాబీ ముస్లిం తెలుగులో పాడాడు. జబాన్‌కు మజ్‌హబ్ అంటగట్టేవాళ్లకు ఈ ఒక్క సినిమా చాలు. ఇంకో ముచ్చట: రఫీ పుట్టింది 1924 డిసెంబర్ 24న. మర్నాడు క్రిస్మస్ రోజున మన మెదక్ చర్చి తలుపులు తెరుచుకున్నాయి.

అదే నెల ఆఖరున ఈద్. ఆగస్టు 13, బుధవారం. ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్ ఈద్‌గాహ్‌లో వేల మంది నమాజుకు చేరారు. పంది ఒకటి లోపలికి వచ్చిందన్న తక్‌రార్‌తో మొదలై, రాళ్లు పడి, పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. కొత్త బట్టల్లో వచ్చిన పిల్లలు కూడా తిరిగి ఇళ్లకు చేరలేదు. తర్వాత అల్లర్లు రోజుల తరబడి సాగాయి. జస్టిస్ ఎం.పి.సక్సేనా కమిషన్ 1983లో నివేదిక ఇచ్చింది. మృతులు 83 మంది అంది, పోలీసుల తప్పేమీ లేదంది. మృతులు అంతకు ఎన్నో రెట్లని అక్కడి కుటుంబాలు అంటూనే ఉన్నాయి. ఆ నివేదికను అసెంబ్లీ ముందు పెట్టింది ఎప్పుడో తెలుసా? 2023 ఆగస్టులో. నలభై ఏళ్లు! ఈలోగా లక్నోలో ఎన్ని పార్టీలు గద్దెనెక్కాయో, ఎందరు మన ఓట్లడిగారో లెక్కపెట్టుకోండి. ఒక్కరూ ఆ ఫైలు విప్పలేదు. ఆ ఈద్ నాడు ఢిల్లీలోనూ లక్నోలోనూ కాంగ్రెసే. ప్రధాని మన మెదక్ ఎంపీ. జనవరిలో సంబరంగా ముద్ర గుద్దిన చేతులే ఆ ఆగస్టులో దువాకు లేచాయి.

మిగతా సంగతులు క్లుప్తంగా చెబుతాను. సెప్టెంబర్ 22న ఇరాక్ సైన్యం ఇరాన్ మీదకు వెళ్లింది. అన్నదమ్ముల ఆ జంగ్ ఎనిమిదేళ్లు సాగి రెండు దేశాలనూ పీల్చేసింది. అక్టోబర్‌లో చెన్నారెడ్డి దిగిపోయి, ఆల్విన్ కార్మికుడిగా బతుకు మొదలుపెట్టిన అంజయ్య ముఖ్యమంత్రి అయ్యారు. బక్రీద్ అయిన వారంలోనే, అక్టోబర్ 25న సాహిర్ లూధియాన్వీ పోయారు. రఫీ పోయి మూడు నెలలైనా నిండలేదు. 'ప్యాసా' నాటి కలం, గొంతు ఒకే ఖబ్రస్తాన్‌కు చేరాయి. 2010లో చోటు చాలక వాళ్లిద్దరి మఖ్బరాలనూ తొలగించి ఆ నేలను కొత్త మయ్యత్‌లకు ఇచ్చారు. ఇక డిసెంబర్ 1న అలహాబాద్‌లో మహమ్మద్ కైఫ్ పుట్టాడు. లార్డ్స్‌లో 87 కొట్టిన ఆ కుర్రాడే తర్వాత ఆంధ్ర రంజీ జట్టుకు కెప్టెన్‌గా వచ్చాడు.

తేదీలు వెతుక్కునేవాళ్లకు ఒక మాట. "చౌదా సౌ హిజ్రీలో పుట్టాడు" అని దాదీ చెబితే వెంటనే 1980 అని రాసేయకండి. హిజ్రీ 1400 మొదలైంది 1979 నవంబర్‌లో. 1401 ముహర్రం వచ్చింది 1980 నవంబర్ రెండో వారంలో. అందుకని పీర్ల పండుగకు ముందా, తర్వాతా అని అడగండి. ముందైతే చలికాలమా, వానాకాలమా అని అడగండి. రంజాన్‌లో అని చెబితే ఇంకా సులువు. ఆ ఏడు సెహ్రీకి లేచింది జూలై, ఆగస్టు వానల్లో. రంజాన్ మళ్లీ దాదాపు అవే తేదీలకు తిరిగొచ్చింది 33 ఏళ్ల తర్వాత, 2013లో.