వెల పెరిగినకొద్దీ వేగము పెరుగునా?

పందెపు సైకిళ్ళు అమ్మే దుకాణములో రెండు సైకిళ్ళను ప్రక్కప్రక్కన నిలిపినారనుకొందము. రెంటి చట్రములూ ఒకటే, చక్రములూ ఒకటే. తేడా అంతా గేర్లు మార్చే సాధనములు, బ్రేకులు, క్రాంకులు, గొలుసు వీటిలోనే ఉన్నది. ఈ భాగముల సెట్టుకు రెండవ సైకిలులో అయిన ఖర్చు మొదటిదానికంటె రెండు మూడు రెట్లు. అవి చేసే పని మాత్రము రెంటిలోనూ ఒకటే. మరి ఆ అదనపు సొమ్ముకు కొన్నవానికి దక్కునదేమిటి? దుకాణదారు దీనికి ఒక సమాధానము చెప్పును, పందెగాడు మరొకటి చెప్పును. సైకిలు చరిత్రను అడిగినచో అది మూడవ సమాధానము చెప్పును. అంకెలతో చెప్పును గనుక దానిని వినుట మంచిది.

క్రొత్త భాగము ఒకటి సైకిలు వేగమును నిజముగా మార్చివేసిన సంఘటన 1889 మే నెలలో ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరములో జరిగినది. అంతకు ముందు సంవత్సరమే జాన్ బాయిడ్ డన్లప్ అనే పశువైద్యుడు గాలి నింపిన రబ్బరు టైరుకు పేటెంటు పొందినాడు. (నిజమునకు రాబర్టు విలియం థామ్సన్ 1845లోనే ఇట్టి టైరుకు పేటెంటు తీసికొని యుండెను. ఆ సంగతి బయటపడి డన్లప్ పేటెంటు చెల్లకపోయినది.) అప్పటి సైకిళ్ళన్నీ గట్టి రబ్బరు చుట్టు గలవి. విలియం హ్యూమ్ అనే యువకుడు ఉబ్బిన టైర్లతో పందెమునకు వచ్చినపుడు చూచినవారు నవ్వినారని చెప్పుదురు. పందెములు ముగిసేసరికి ఆ నవ్వు ఆగిపోయినది. తనకంటె పేరుగన్నవారిని అతడు వెనుకకు నెట్టినాడు.

కారణము సులభమైనదే. గట్టి చక్రము చిన్న రాయి మీదకు ఎక్కినపుడు సైకిలు, మనిషి, అంతా కొంచెము పైకి లేవవలెను. రాయి దిగునపుడు ఆ శక్తి అదురుగా మారి వ్యర్థమైపోవును. గాలి టైరులో రాయి తగిలినచోట మాత్రమే రబ్బరు లోపలికి నొక్కుకొని, రాయి దాటగానే తిరిగి పొంగును. నొక్కుకొని పొంగునపుడు రబ్బరు కొంత శక్తిని వేడిగా పోగొట్టుకొనును. ఆ నష్టము పలుచని, మెత్తని రబ్బరులో తక్కువ, దళసరి రబ్బరులో ఎక్కువ. మంచి టైరుకు, నాసి టైరుకు నేటికీ ఉన్న తేడా ఇదే. మొదట ఖరీదైన వింతగా ఉన్న గాలి టైరు కొద్ది సంవత్సరములలోనే అందరి సైకిళ్ళకూ ఎక్కినది.

గేర్ల చరిత్ర ఇంత సాఫీగా నడువలేదు. ఫ్రాన్సులో సెంటెటియెన్ పట్టణపు పాల్ ద వివీ, కొండదారులలో తొక్కేవానికి పలు గేర్లు అవసరమని ఎన్నో ఏండ్లు వాదించినాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెమును స్థాపించిన ఆన్రీ దెగ్రాంజ్‌కు మాత్రము గేర్లు వయసు మళ్ళినవారికి తగినవని నమ్మకము. అందుచేత ఆ పందెములో గొలుసును ఒక పళ్ళచక్రము నుండి మరొకదాని మీదకు జరిపే సాధనమునకు 1937 వరకు అనుమతి లేదు. కొండ క్రింద పందెగాండ్రు దిగి, వెనుక చక్రము ఊడదీసి, రెండవవైపున ఉన్న పళ్ళచక్రమునకు గొలుసు తగిలించుకొని మరల ఎక్కెడివారు. చలికి కొంకర్లు పోయిన వ్రేళ్ళతో నట్లు విప్పుట ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును. ఇటలీకి చెందిన తుల్లియో కంపఞోలో ఒక మీటతో చక్రమును క్షణములో విడదీసే ఇరుసుకు 1930లో పేటెంటు పొందినాడు.

1964లో జపానుకు చెందిన సన్‌టూర్ సంస్థ ఏటవాలు సమాంతర చతుర్భుజపు గేరును తెచ్చినది. వెనుక పళ్ళచక్రములు వరుసగా చిన్నవి నుండి పెద్దవి అగుచు మెట్లవలె ఉండును గదా! గొలుసును జరిపే చిన్న చక్రము అడ్డముగా మాత్రమే కదలినచో ఒక్కొక్క మెట్టు వద్ద దాని దూరము మారిపోవును. ఆ మెట్లకు అనుగుణముగా ఏటవాలుగా కదలినచో దూరము ఇంచుమించు సమానముగా ఉండి, గేరు ఖచ్చితముగా పడును. చూచుటకు చిన్న విషయమేగాని, తరువాతి అభివృద్ధికి ఇది పునాది. పేటెంటు గడువు తీరిన 1984లోనే షిమానో సంస్థ ఆ సూత్రమునకు 'క్లిక్కు' మీటను జోడించి, తన అత్యున్నత శ్రేణియైన డ్యూరా-ఏస్‌లో అమ్మకమునకు పెట్టినది. కొన్ని ఏండ్లకే అదే పద్ధతి చవుక సెట్లలోనికి దిగినది. విద్యుత్ మోటారుతో గేరు మార్చే పద్ధతిని అదే సంస్థ 2009లో డ్యూరా-ఏస్‌లో ప్రవేశపెట్టగా, దాని మధ్యతరగతి శ్రేణియైన 105కు అది 2022లో వచ్చినది. ఖరీదైన భాగమునకు ఇచ్చే సొమ్ములో మంచి వాటా ముందుగా పొందుటకు ఇచ్చేదేనని నా అభిప్రాయము. పదమూడేండ్లు ఓపిక పట్టినవానికి అదే పని తక్కువకు దొరకినది.

మిగిలిన వాటా దేనికి పోవుచున్నది? ముఖ్యముగా బరువు తగ్గించుటకు. మధ్యరకము సెట్టుకు, అత్యున్నతమైన సెట్టుకు బరువులో తేడా సుమారు అర కిలో. దీని విలువ ఎంతో విద్యార్థులే లెక్క కట్టవచ్చును. ఆల్ప్స్ పర్వతములలో ఆల్ప్ డ్యూయెజ్ అనే ప్రసిద్ధమైన ఎక్కుడు ఉన్నది. టూర్ ద ఫ్రాన్స్ 1952లో మొదటిసారి దానిని ఎక్కినపుడు ఫౌస్తో కొప్పి గెలిచినాడు. సుమారు 14 కిలోమీటర్ల ఆ దారిలో ఎత్తు ఇంచుమించు 1,100 మీటర్లు పెరుగును. మనిషి 72 కిలోలు, సైకిలు 8 కిలోలు, మొత్తము 80 కిలోలనుకొందము. గురుత్వాకర్షణకు ఎదురుగా చేయవలసిన పని 80 × 9.8 × 1,100, అనగా సుమారు 8,62,000 జౌళ్ళు. అభ్యాసముగల మనిషి గాలికి, టైర్లకు పోగా 225 వాట్ల సామర్థ్యమును కొండ ఎక్కుటకు వినియోగించినచో పైకి చేరుటకు 64 నిమిషములు పట్టును. అర కిలో తగ్గినచో మిగిలే పని 5,390 జౌళ్ళు, మిగిలే కాలము 24 సెకండ్లు! సీసాలో మోసికొనిపోయే అర లీటరు నీటి బరువూ అంతే. పందెగానికి 24 సెకండ్లు చిన్నవి కావు. ఆదివారము సరదాకు ఎక్కేవాడు ఫొటో తీసికొనుటకు ఆగితే అంతకంటె ఎక్కువ పోవును. పైగా పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని అంతర్జాతీయ సైక్లింగు సంఘము 2000 సంవత్సరము నుండి హద్దు పెట్టినది.

గొలుసులో శక్తి చాల నష్టమగుచుండునేమో అని సందేహము రావచ్చును. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు జేమ్స్ స్పైసర్, ఆయన సహచరులు 1990ల చివర దీనిని ప్రయోగశాలలో కొలిచినారు. అనుకూల పరిస్థితులలో గొలుసు దక్షత 98.6 శాతము వరకు ఉన్నది. నూటికి ఒకటిన్నర పాలు కూడ మిగలని చోట ఎంత వెల పోసినను పొందగలిగేది ఎంత?

అసలు శత్రువు వేరే ఉన్నది. చదునైన దారిమీద గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవువాని శక్తిలో అత్యధిక భాగమును గాలి తినివేయును. ఆ గాలి తగిలేది ముఖ్యముగా మనిషి శరీరమునకే, సైకిలుకు కాదు. వాయు నిరోధము వేగపు వర్గమును అనుసరించి పెరుగును, దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము వేగపు ఘనమును అనుసరించి పెరుగును. ఈ సంగతి తెలిసియు లోకము బరువు వెంటనే పడుటకు కారణము లేకపోలేదు. సైకిలును ఒక చేతితో ఎత్తి చూడవచ్చును, త్రాసులో పెట్టవచ్చును. గాలిని దుకాణములో చూపించుటెట్లు?

ఒక గంటలో ఎంత దూరము తొక్కగలరు అనే రికార్డు చరిత్రలో ఇది చక్కగా కనబడును. 1972 అక్టోబరు 25న బెల్జియం వీరుడు ఎడ్డీ మెర్క్స్ మెక్సికో నగరములో 49.431 కిలోమీటర్లు తొక్కినాడు. ఎర్నెస్తో కొల్నాగో చేసిన అతని సైకిలు ఆరు కిలోలకు లోపే. గొలుసుకు సహితము బెజ్జములు వేసి తేలిక చేసినారు. చదునైన పందెపుబాటమీద సమవేగముతో తిరిగేవానికి ఈ తేలికదనముతో పనియే తక్కువ. అతనికి నిజముగా తోడ్పడినది రెండువేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పలుచని గాలి. 1984లో అదే నగరములో ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో మోజర్ ఆకులు లేని పళ్ళెములవంటి చక్రములతో, గాలిని చీల్చే రూపముగల సైకిలుతో 51.151 కిలోమీటర్లు తొక్కినాడు. ఆ చక్రములే గెలిపించినవని లోకమంతా కొనినది. అయితే అప్పటికి నిషేధము లేని రక్తము ఎక్కించుకొను పద్ధతిని తాను అవలంబించినట్లు మోజర్ చాల ఏండ్ల తరువాత చెప్పినాడు. ఒకేసారి అనేక అంశములను మార్చిన ప్రయోగములో ఏది పనిచేసినదో చెప్పుట సాధ్యము కాదని సైన్సు మాష్టర్లు పదేపదే చెప్పేది ఇందుకే.

రోడ్డు పందెములోనూ ఇటువంటిది 1989లో జరిగినది. టూర్ ద ఫ్రాన్స్ చివరి రోజు వెర్సాయి నుండి పారిసుకు 24.5 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కవలెను. అమెరికనుడైన గ్రెగ్ లెమాండ్ 50 సెకండ్లు వెనుకబడి ఉన్నాడు. మోచేతులను ఆనించి, చేతులను ముందుకు చాచుటకు వీలైన గొట్టమును అతడు హాండిలుకు బిగించుకొన్నాడు. అప్పటివరకు మొదట ఉన్న లోరాన్ ఫిన్యోన్ మామూలు పద్ధతినే కూర్చున్నాడు. మూడువేల కిలోమీటర్లకు పైగా సాగిన పందెములో లెమాండ్ 8 సెకండ్ల తేడాతో గెలిచినాడు. ఆనాడు ఫిన్యోన్ సీటు రాపిడి పుండుతో బాధపడుచుండెనన్న మాటనూ మరువరాదు. అయినను ఒక వంచిన గొట్టము మనిషి భంగిమను మార్చి చేసిన పని, ఎన్నో తేలిక భాగములు కలిసియు చేయలేనిది.

1993లో స్కాట్లండుకు చెందిన గ్రీమ్ ఓబ్రీ వచ్చినాడు. చేతులను ఎదురురొమ్ముక్రింద ముడుచుకొని, వాటిమీద ఒరిగే భంగిమ అతడు కనిపెట్టినది. సైకిలును తానే చేసికొన్నాడు. దానిలో బట్టలుతికే యంత్రపు బేరింగులు ఉన్నవి. నార్వేలోని హామర్‌లో జూలై 16న, అతని నమూనా ప్రకారము ఒక నిపుణుడు చేసియిచ్చిన సైకిలు మీద ప్రయత్నించి ఓడిపోయినాడు. మరునాటి ఉదయము తన పాత సైకిలెక్కి 51.596 కిలోమీటర్లు తొక్కి మోజర్ రికార్డును బద్దలు కొట్టినాడు. వారము తిరుగక ముందే ఇంగ్లండుకు చెందిన క్రిస్ బోర్డ్‌మన్ దానినీ మించినాడు. సంఘము మరుసటి ఏట ఓబ్రీ భంగిమను నిషేధించగా, అతడు చేతులను పూర్తిగా ముందుకు చాచే మరొక భంగిమను కనిపెట్టినాడు. బోర్డ్‌మన్ 1996లో మాంచెస్టరులో ఆ భంగిమలోనే 56.375 కిలోమీటర్లు పోయినాడు.

తరువాత సంఘము అన్నిటినీ రద్దు చేసి, మెర్క్స్ నాటి వంటి సైకిలు మీద, అట్లే కూర్చుండి చేసినదే రికార్డు అని శాసించినది. 2000 అక్టోబరులో అదే బోర్డ్‌మన్, అదే మాంచెస్టరులో ఆ నియమముల ప్రకారము 49.441 కిలోమీటర్లు తొక్కినాడు. మెర్క్స్ కంటె పది మీటర్లు ఎక్కువ! తన పాత దూరము కంటె ఏడు కిలోమీటర్లు తక్కువ. రెండు దూరముల నిష్పత్తి 1.14, దాని ఘనము 1.48. అతని బలము మారలేదనుకొన్నచో 1996లో వాయు నిరోధము మూడవవంతు తక్కువగా ఉండి యుండవలెను. నాలుగేండ్ల వయసు, విశ్రాంతి తీసికొనబోయే దశ కొంత బలమును తగ్గించియుండవచ్చును గనుక ఈ లెక్కలో కొంత మినహాయించవలెను. అయినను మిగిలినది చాల పెద్దది. దానిలో అధికభాగము మనిషి చేతులు, వీపు ఉన్న తీరుకే చెందును.

కనుక కొద్దిపాటి సొమ్ముగలవాడు మొదట మంచి టైర్లు కొని, హాండిలును, సీటును తన ఒంటికి సరిపోవునట్లు సర్దించుకొని, గాలికి ఎగిరే చొక్కాను మానినచో, గేరు సెట్టుకు రెట్టింపు పోసినవానికంటె ముందే ఉండును. పందెమే జీవనమైనవాని మాట వేరు. వానికి ఎనిమిది సెకండ్లు చాలు.

సంఘము 2014లో నియమములను మరల సడలించి నూతన సైకిళ్ళను అనుమతించినది. స్విట్జర్లండులోని గ్రెంకెన్‌లో 2022 ఆగస్టులో డాన్ బిగ్‌హామ్ 55.548 కిలోమీటర్లు తొక్కినాడు. అతడు వృత్తిచేత ఇంజనీరు. అదే బాటమీద రెండు నెలలు తిరుగకముందే ఇటలీకి చెందిన ఫిలిప్పో గాన్నా 56.792 కిలోమీటర్లు పోయినాడు. నిషిద్ధమైన భంగిమలో బోర్డ్‌మన్ 1996లో పోయిన దూరము కంటె ఇది 417 మీటర్లు మాత్రమే ఎక్కువ.