జంట జలాశయముల యెగువన మా గ్రామములు

మా మొయినాబాదు ప్రాంతపు పూర్వోత్తరములను గూర్చి ఈ నడుమ వ్రాయుచున్న వారిలో అనేకులు ఒక వాదమును సిద్ధాంతము వలె వల్లించుచున్నారు. గండిపేట, హిమాయత్‌సాగరములు నగరమునకు త్రాగునీటి కొఱకే నిర్మింపబడినవనియు, మంజీర, కృష్ణ, గోదావరి జలములు నగరమును చేరిన పిదప ఆ అవసరము తీరిపోయినదనియు, కావున 1996 మార్చి 8వ తేదీన వెలువడి మా 84 గ్రామములను కట్టడి చేసిన 111వ నంబరు జీవోకు కారణమే నశించినదనియు వారు చెప్పుదురు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69వ నంబరు జీవో ఇంచుమించు ఈ తర్కమునే ఆశ్రయించినది; 2023 మే నెలలో మంత్రివర్గము 111ను పూర్తిగా ఎత్తివేయ నిశ్చయించినప్పుడును ఇదే మాట వినవచ్చినది. చేవెళ్ల రోడ్డు మీది టీకొట్లు మొదలుకొని తహసీలు కార్యాలయపు వరండా వరకు ఇప్పుడిది అందరి నోట నానుచున్నది. ఈ వాదమునకు పునాదియైన చరిత్రయే తప్పని నేను దృఢముగా చెప్పగలను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి, ఎగువనున్న చెరువులనేకము తెగి, ఆ నీరంతయు ఒక్కమారుగా నగరము మీద పడి, సుమారు 15,000 మందిని పొట్టన పెట్టుకొన్న వృత్తాంతము తెలియనివారు మనలో లేరు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టునెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారి కథను పిల్లలకు నేటికిని చెప్పుచునే యున్నాము. ఆ విపత్తు మరల రాకుండుటకు ఉపాయము చెప్పుమని నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించినది. నగరపు ఒడ్డున గోడలు కట్టినంత మాత్రమున చాలదనియు, వరదను నగరమునకెగువననే పట్టి నిలిపి మెల్లమెల్లగా విడువవలెననియు వారు తేల్చిరి. దాని ఫలముగా మూసీపై 1920లో గండిపేటయను ఉస్మాన్‌సాగరమును, ఈసీపై 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియైనవి. ఆనకట్ట కట్టిన వెనుక నిలిచిన నీటిని నగరమునకు త్రాగనిచ్చుట వివేకవంతమైన పనియే, దానిని తక్కువ చేయను. కాని అది వెంట వచ్చిన ప్రయోజనము. మొదటి ప్రయోజనము వరద నుండి రక్షణ. వెంట వచ్చిన దానిని మూలకారణముగా నిలబెట్టి, అది తీరినది గనుక అంతయు తీరినదని వ్రాయుట చరిత్రను తలక్రిందులు చేయుట కాదా? వరదకు మంజీర నీరు ప్రత్యామ్నాయము కాజాలదు. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగరము గేట్లెత్తిన రాత్రియు, 2025 సెప్టెంబరు చివర మూసీ నీరు మహాత్మాగాంధీ బస్‌స్టేషనులోనికి చొచ్చిన రాత్రియు ఈ విషయమును ఏ గ్రంథము కంటెను స్పష్టముగా చెప్పినవి.

జీవోలో వరద ప్రసక్తి ఎక్కడ నున్నదని నన్నడుగుదురు. దాని భాష జలకాలుష్యమును గూర్చినదే, కాదనను. అయితే షరతులను చదువుడు. జలాశయముల పూర్తి మట్టము నుండి 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలును, పెద్ద హోటళ్లును, నివాస కాలనీలును కూడవనియు, గ్రామములలో కొత్తగా వేయు లేఅవుట్లలో 60 శాతము స్థలము రోడ్లకును ఖాళీ జాగాలకును విడువవలెననియు, కట్టడపు విస్తీర్ణము స్థలములో సగమునకు మించరాదనియు అందున్నది. వాన నీరు నేలలోనికింకుటకు ఇంతకంటె మంచి ఏర్పాటేమున్నది? నేలనంతయు సిమెంటుతో కప్పినచో, పూర్వము రెండు దినములలో వాగు చేరు నీరు పూటలో చేరును. అప్పుడు ఆనకట్ట మీది ఉద్యోగికి గేట్లెత్తుట తప్ప గత్యంతరముండదు. వ్రాసినవారు వరదను తలచినను తలపకున్నను, ఆ షరతులు విశ్వేశ్వరయ్య గారి ఆశయమునే నెరవేర్చుచు వచ్చినవి.

రెండవ ఆక్షేపణ నాకు మిక్కిలి బాధ కలిగించునది, ఏలయన దానిని వ్రాయువారు మన వారే. కాగితము మీద వృత్తలేఖినితో గీటు గీసి, పరీవాహకముతో సంబంధము లేని పొలములను సైతము అందులో ఇరికించిరని వారందురు. కొన్ని అంచు గ్రామములలో నీటివాలు అవతలి వైపునకుండుట నిజము కావచ్చును. అట్టి సర్వే నంబర్లను కొలిచి విడదీయవలెనన్నచో నేనును సంతకము చేసెదను. కాని లెక్క చూడుడు. ఉస్మాన్‌సాగరపు పరీవాహకము 738 చదరపు కిలోమీటర్లు, హిమాయత్‌సాగరపుది 1,308; రెండును కలిసి రెండు వేలు దాటును. 84 గ్రామముల విస్తీర్ణము 1.32 లక్షల ఎకరములని ప్రభుత్వమే చెప్పినది, అనగా సుమారు 534 చదరపు కిలోమీటర్లు. కట్టడి పరీవాహకములో నాలుగవ వంతు కంటె కొంచెమే ఎక్కువన్న మాట! గీటు పెద్దదైనదని వాపోవుటకు ఇక్కడ ఆస్కారమెక్కడిది?

ఈ ప్రాంతమునకు శిలాశాసనము వంటిది ఏదైన ఉన్నదా యని యెవరైన అడిగినచో, నేను శంషాబాదు మండలపు పెద్దషాపూరు వ్యాజ్యమును చూపుదును. అక్కడ ఆముదము నూనె నుండి పదార్థములు తీయు ఒక కర్మాగారమునకు 1997లో ప్రభుత్వము తానే చేసిన నిషేధము నుండి ప్రత్యేక మినహాయింపునిచ్చినది. కాలుష్య నియంత్రణ మండలి కాదన్నది; కర్మాగారము అప్పీలుకు పోయి గెలిచినది; వివాదము సర్వోన్నత న్యాయస్థానమునకెక్కినది. 1999 జనవరిలో న్యాయమూర్తి ఎం. జగన్నాథరావు గారు వ్రాసిన తీర్పు ఈనాడు దేశమంతట న్యాయ విద్యార్థులు చదువునట్టిది: హాని జరుగదని నిరూపించు భారము పరిశ్రమ పెట్టదలచిన వానిదే గాని, హాని జరుగునని నిరూపించు భారము ప్రజలది కాదని దాని సారాంశము. 2000 డిసెంబరులో అదే న్యాయస్థానము ఆ మినహాయింపు చెల్లదని తేల్చినది. లక్షలాది ప్రజలు త్రాగు నీటి విషయమున ఒక్కరి కొఱకు నియమమును సడలించు అధికారము ప్రభుత్వమునకు లేదని మన గడ్డ మీది వ్యాజ్యములోనే తీర్పు వచ్చుట మనకు గర్వకారణము. అట్టి దానిని గూర్చి మన స్థానిక చరిత్రకారులు ఒక్క పేరా వ్రాయకపోవుట నాకు విడ్డూరముగా నున్నది.

ఇప్పుడు భూవినియోగ మార్పిడి కొఱకు వచ్చు అర్జీల సంగతి. 2013లో అమలునకు వచ్చిన బృహత్ ప్రణాళికలో పరిరక్షణ మండలముగా ఆకుపచ్చ రంగు వేసిన భూమిని నివాస మండలముగా మార్చుమని ఒకరు మహానగరాభివృద్ధి సంస్థయగు హెచ్‌ఎండీఏకు అర్జీ పెట్టుదురు; నివేదిక ప్రభుత్వమునకు పోవును; ఆక్షేపణలను పిలుచుచు ప్రకటన వెలువడును. ఆ ప్రకటనను ఎన్నడైన నిదానించి చదివితిరా? సర్వే నంబరు, ఎకరములు, గుంటలు, ఆపై నాలుగు హద్దులు: ఉత్తరమున ఫలానా సర్వే నంబరు, దక్షిణమున పొరుగువారి భూమి, తూర్పున రోడ్డు, పడమట మరియొక సర్వే నంబరు. ఆ పొలమున కురిసిన వాన ఏ వాగున కలియును, ఆ వాగు ఏ సాగరమున చేరును అను ముక్క అందుండదు. ఒక్కొక్క అర్జీ ఒంటరిగా చూచినచో నిరపాయమే. అన్నిటిని కూడి చూచు పట్టిక ఏ బల్ల మీదను లేదు.

ఇంతమాత్రముచేత నేను నగరపు పర్యావరణవాదుల పక్షమున నిలిచితినని ఎవరును తలపకుందురు గాక. వారి వ్యాసములలో మా రైతు ఎల్లప్పుడును దురాశాపరుడే. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరము 100 కోట్లు దాటి వేలమున పలికినది. అక్కడికి కూతవేటు దూరమున, కట్టడి గీటుకు లోపల, ఆడపిల్ల పెండ్లికి ఎకరము అమ్మబోయిన వానికి ఆ ధరలో లేశమును దక్కలేదు. నగరము మునగకుండుటకు ఇరువది యేండ్లకు పైబడి మూల్యము చెల్లించినది ఇతడు. ఇదే కాలమున అదే నేల మీద ప్రహరీలు లేచినవి, ఫాంహౌసులు వెలసినవి, ఫంక్షన్ హాళ్లు దీపములతో వెలిగినవి. నియమము చిన్నవానికి గోడయై, పెద్దవానికి గుమ్మమైనది. 111ను ఎత్తివేయుమను గ్రామ పంచాయతీ తీర్మానముల వెనుకనున్న మంట ఇదియే. దానిని అర్థము చేసికొనకుండ మూసీని గూర్చి వ్రాయుట తగదు.

రోడ్డు వెడల్పునకు, చెరువు రక్షణకు భూమినిచ్చినవారికి నగరములో టీడీఆర్ పత్రములు, అనగా వేరొకచోట అదనముగా కట్టుకొను హక్కును బదిలీ చేయు పత్రములు, ఇచ్చుచున్నారు. వారు వానిని బిల్డర్లకు అమ్ముకొనుచున్నారు. మూసీ, ఈసీ వాగుల వెంట ఖాళీగా నేలను నిలుపుకొన్న రైతునకు అదే పత్రమునేల ఈయరాదు? కోకాపేటలో అంతస్తు మీద అంతస్తు వేయువాడు ఆ హక్కును మా రైతు వద్ద కొనవలెనని నియమము పెట్టినచో, సాగరములకెగువన నేల ఖాళీగానే యుండును, రైతు ఇంట డబ్బును చేరును. ప్రభుత్వము ఈ గ్రామములకు కొత్త ప్రణాళిక ముసాయిదాను ప్రకటించి ఆక్షేపణలు కోరిన దినమున నేను వ్రాసి యిచ్చు మొదటి ఆక్షేపణ ఇదియే. ప్రతి సర్వే నంబరు ప్రక్కన అది ఏ వాగునకు వాలియున్నదో తెలుపు గడి ఒకటి చేర్చవలెనన్నది రెండవది. గ్రామసభలో మీరును ఈ రెండింటిని తీర్మానము చేయించుడు.